పసుపు కప్పలు కొత్త జాతి కాదు, మన బోదురు కప్పలే!

2020 జూలైలో ఒక వీడియో బాగా వైరల్ అయింది, గుర్తుందా? మధ్యప్రదేశ్‌లోని నర్సింగ్‌పూర్‌లో తీసింది. నిలిచిన వాన నీళ్లలో పండు నిమ్మకాయల్లా మెరిసిపోతున్న కప్పలు, గుంపులు గుంపులుగా. చూస్తే ఇదేం వింతరా బాబూ అనిపిస్తుంది.

నిజానికి అవి బోదురు కప్పలే. మన పొలాల్లో, కుంటల దగ్గర ఉండేవే. సైన్స్‌లో హోప్లోబాట్రాకస్ టైగ్రినస్ అంటారు. మామూలు రోజుల్లో ఆకుపచ్చా బురదా కలిసిన రంగు, వీపు మధ్యలో సన్నటి గీత. పక్కనే ఉన్నా కనిపించదు. కాళ్లు మాత్రం మంచి కండ. ఒకప్పుడు ఈ కాళ్ల కోసమే వీటిని పట్టి విదేశాలకు ఎగుమతి చేసేవాళ్లు. 1987లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది.

మరి ఏడాదంతా దాక్కుని బతికే జీవి ఒక్కసారిగా పసుపు పూసుకుని ఎందుకు బయటకొస్తుంది? పాముకీ కొంగకీ "ఇదిగో ఇక్కడున్నా" అని చెప్పినట్టే కదా!

ఇది అర్థం కావాలంటే ముందు ఎండాకాలం సంగతి చూడాలి. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. కొంత ఊపిరి కూడా చర్మంతోనే. కానీ ఎండలో అదే చర్మం లోంచి ఒంట్లో తేమంతా ఆవిరైపోతుంది. అందుకే కుంటలు ఎండేసరికి బోదురు కప్ప నేలలోకి దూరిపోతుంది. గుండె, ఊపిరి అన్నీ నెమ్మదిస్తాయి. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే కాలక్షేపం. పుస్తకాల్లో దీన్ని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ పెట్టుకున్నట్టు అనుకోండి, ఛార్జర్ ఎప్పుడొస్తుందో మాత్రం తెలీదు.

ఆ ఛార్జర్ తొలకరి వాన. వానల కోసం మన ఊళ్లలో కప్పతల్లి ఆడతారు చూడండి, కప్పకి వాన అవసరం మనకంటే తక్కువేం కాదు. గట్టి వాన పడగానే మగ కప్పలు కొత్తగా నిలిచిన నీటి గుంటలకు చేరతాయి. పక్కనే పెద్ద చెరువుండగా గుంటలెందుకు అంటారా? చెరువులో చేపలుంటాయి, గుడ్లనీ పిల్లల్నీ మింగేస్తాయి. గుంటలో ఆ బాధ తక్కువ. కానీ గుంట ఎన్నాళ్లుంటుంది? అందుకే అంత తొందర. మగవాటి ఒళ్లంతా పసుపు, గొంతుకి రెండు పక్కలా నీలం తిత్తులు. వాటిని ఉబ్బించి ఒకటే అరుపు. రంగు, అరుపు రెండూ ఆడకప్పని పిలవడానికే. ఇంకో వివరణ కూడా ఉంది: ఆ తొక్కిసలాటలో మగకప్ప కదిలిన దాన్నల్లా పట్టుకుంటుంది, పసుపు రంగు కనిపిస్తే "ఇది మగది, వదిలేయ్" అని అర్థం అవుతుందట. నాకైతే ఇది భలే నచ్చింది. ఆడకప్పలు రంగు మారవు. మగవాటి పసుపు కూడా ఆ హడావిడి అయ్యాక వెలిసిపోతుంది.

జత కుదిరాక మగది వెనక నుంచి ముందుకాళ్లతో ఆడదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆడది నీళ్లలో గుడ్లు వదులుతుంటే మగది వాటిమీద వీర్యం వదులుతుంది. ఫలదీకరణ అంతా బయటే, నీళ్లలోనే. గుడ్లు వేలల్లో ఉంటాయి.

అసలు రేసు ఇక్కడ మొదలవుతుంది. తోకకప్పలు తోటి తోకకప్పల్నే తినేస్తాయి, సొంత జాతివాటిని కూడా. క్రూరంగా అనిపిస్తుంది గానీ, తిన్నది త్వరగా పెరుగుతుంది. మధ్యలో వాన మొహం చాటేస్తే గుంట కుంచించుకుపోతూ ఉంటుంది. అప్పటికి కాళ్లొచ్చినవి గట్టెక్కుతాయి. మిగతావి ఆ బురదలోనే.