పని తగ్గెను, పళ్లెము తగ్గలేదు

‘తినునది పిడికెడు, ఐనను ఒడలు లావగుచున్నది’ అను మాట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల యిండ్లలో నేడు తఱచుగా వినవచ్చుచున్నది. ఇది అబద్ధమని మేమనము. మనము తిండిని కొలిచితిమే గాని పనిని కొలువమైతిమి.

మన అవ్వల దినచర్యను తలచి చూడుడు. కోడికూతకు లేచి ఇసుర్రాయి ముందు కూర్చుండి జొన్నలు విసరవలెను. బావినుండి బిందెలు మోయవలెను. రొట్టెలు తట్టి, పిదప కలుపునకో కోతకో పోవలెను. నేడు గిర్ని పిండి విసరుచున్నది. 2016లో నారంభమైన మిషన్ భగీరథ వలన నల్లానీరు ఇంటికే వచ్చుచున్నది. ఇది మేలే. పాలమూరు స్త్రీ నడుము విరిగిన ఆ కాలమును మరల రమ్మని కోరువారము మేము కాము. ఐనను ఆ పనితోపాటు తగ్గవలసిన అన్నము తగ్గలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము కఠినమైన శరీరశ్రమ చేయు స్త్రీకి దినమునకు 2720 కిలోకాలరీల శక్తి వలయును. మధ్యరకపు పనికి 2130. కూర్చుండి పని చేయు స్త్రీకి 1660 చాలును. మొదటిదానికిని కడపటిదానికిని భేదము 1060. ఇది ఇంచుమించు 300 గ్రాముల బియ్యములోని శక్తి! పొలము మానిన స్త్రీ తన తల్లి తిన్నంతయు తినినచో, మిగులు క్రొవ్వుగా నిలువయగుట తప్పదు.

జొన్నరొట్టె మాని వరియన్నమునకు అలవాటుపడుటయే కారణమని కొందఱందురు. తూకమునకు తూకము చూడ రెంటి శక్తియు ఇంచుమించు సమానమే. జొన్నలో పీచు హెచ్చు, రొట్టెను నమలవలెను. అన్నమో, పులుసుతో జారిపోవును.

మఱియొక సంగతి చెప్పుటకు మాకును సిగ్గగుచున్నది. అందఱును భుజించిన పిదప గిన్నెలో మిగిలినది పారవేయ మనసొప్పక మనమే తినుచుందుము. ఆకలి తీరినపిమ్మట తినిన ఆ ముద్దలు ‘పిడికెడు’ లెక్కలో చేరవు. నూనెయు అట్టిదే, చిన్న చెంచాడు నూనెలో 45 కిలోకాలరీలు కలవు. అట్లని ఉపవాసములకు దిగరాదు. లావైన దేహమునందును రక్తహీనత యుండవచ్చును. అన్నము తగ్గించినచోట పప్పును, ఆకుకూరను పెంచుకొనుడు.

గద్వాల మగ్గముల యిండ్లలో కండెలు చుట్టు స్త్రీలు ప్రొద్దుగ్రుంకువఱకు పనిలోనే యుందురు, కాని కూర్చుండియే. అలసట వేఱు, శరీరశ్రమ వేఱు. వారమునకు కనీసము 150 నిమిషములు చుఱుకైన నడకవంటి శ్రమ వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సాయంకాలము కోడలు చెఱువుకట్టదాక నడిచివచ్చినచో ‘పనిలేకనా?’ అని అడుగు అత్తలు కలరు. అట్టి అత్తగారినిగూడ వెంటబెట్టుకొని పొండు.