ఇంటికొచ్చే ముందు... తనివితీరా ఇంగ్లండ్!

ఏళ్ల తరబడి ఉన్న దేశం వదిలి ఇంటికి వచ్చేద్దామని నిర్ణయించుకున్నాక చేతిలో మిగిలేది కొన్ని వారాంతాలే. వాటిని ఎలా గడపాలి? ఇంగ్లండ్ నుంచి హైదరాబాద్‌కో విశాఖకో విజయవాడకో సామాను సర్దుకుంటున్న తెలుగు కుటుంబాల కోసం ఈ కథనం.

విమానం టికెట్లు కొనేశారు. కారు అమ్మకానికి పెట్టారు. ఓడలో పంపాల్సిన అట్టపెట్టెలు హాల్లో గుట్టగా పేరుకున్నాయి. అక్కడ బడులకు జూలై చివర్లో వేసవి సెలవులిస్తారు కాబట్టి, పిల్లలున్న ఇళ్లకు ఆ సమయమే అనుకూలం. సరిగ్గా అప్పుడే ‘తర్వాత చూద్దాంలే’ అనుకున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. స్కాట్లాండ్ కొండలు, లేక్ డిస్ట్రిక్ట్, బాత్, స్టోన్‌హెంజ్... అన్నీ చుట్టేయాలన్న ఆత్రం మొదలవుతుంది.

కాస్త నిదానించాల్సింది ఇక్కడే. స్టోన్‌హెంజ్ ఎక్కడికీ పోదు. ఎప్పుడైనా విజిటర్ వీసా మీద వెళ్లి చూడొచ్చు. శాశ్వత నివాసానికి ఇచ్చే ఐఎల్ఆర్ కూడా వరుసగా రెండేళ్లకు మించి బయట ఉంటే చెల్లదు కాబట్టి, చాలామంది మళ్లీ ఆ గడ్డ మీద అడుగుపెట్టేది అతిథులుగానే. అతిథికి దొరకనివి, ఆ ఊళ్లో ఇల్లున్న మనిషికి మాత్రమే దక్కేవి కొన్ని ఉంటాయి. చివరి వారాల్లో మొదటి వాటా వాటిదే కావాలి.

శనివారం తొమ్మిదింటికి పార్కులో...

2004 అక్టోబరు 2న లండన్ శివార్లలోని బుషీ పార్కులో 13 మంది పరుగుతో మొదలైంది పార్క్‌రన్. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ప్రతి శనివారం ఉదయం తొమ్మిదింటికి వందల పార్కుల్లో జరుగుతోంది. దూరం ఐదు కిలోమీటర్లు. రుసుము లేదు. పరుగెత్తినా, నడిచినా ఎవరూ కాదనరు. పసిబిడ్డను బండిలో తోసుకుంటూ వచ్చే తల్లులు, డెబ్బై దాటిన తాతలు, కుక్కతో కలిసి వచ్చేవాళ్లు... అందరూ అక్కడే.

ఆఖరి శనివారం పరుగు మానేసి వాలంటీరుగా నిలబడి చూడండి. పసుపు జాకెట్ వేసుకుని ముగింపు గీత దగ్గర ఉంటే ఊళ్లోవాళ్ల ముఖాలన్నీ ఒక్కొక్కటిగా ఎదురొస్తాయి. అందరికంటే చివర వచ్చేవారికీ అక్కడ చప్పట్లు కొడతారు. ఇన్నేళ్లు కలిసి ఉన్న మనుషులకు వీడ్కోలు చెప్పడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

వారాంతపు లీగ్ క్రికెట్ కూడా అలాంటిదే. చిన్న డివిజన్లలో బ్యాటింగ్ జట్టువాళ్లే అంపైర్లుగా నిలబడతారు, స్కోరు రాస్తారు. చాలా క్లబ్బుల్లో రెండు ఇన్నింగ్స్‌ల మధ్య అందరూ టీకి కూర్చుంటారు. ఉద్యోగానికి వెళ్లిన మన కుర్రాళ్లకు ఆఫీసు బయట స్నేహాలు కుదిరింది చాలాసార్లు ఆ బల్ల దగ్గరే. కాబట్టి చివరి మ్యాచ్‌కు ఆడే మనిషి ఒక్కడే వెళ్లకూడదు, ఇంటిల్లిపాదీ వెళ్లాలి.

మనవాళ్ల ముద్ర ఉన్న మైదానాలు

లార్డ్స్‌లో సెంచరీ కొట్టిన పర్యాటక బ్యాటర్ల పేర్లు వాళ్ల డ్రెస్సింగ్ రూములోని బోర్డు మీద రాసి ఉంటాయి. 1990లో గూచ్ 333 బాదిన మ్యాచ్‌లోనే 121 కొట్టిన మన అజహరుద్దీన్ పేరూ అందులో ఉంది. థేమ్స్‌కు దక్షిణాన ఓవల్. 2025 ఆగస్టు 4, సోమవారం ఉదయం భారత్‌పై టెస్టు గెలవడానికి ఇంగ్లండ్‌కు కావాల్సింది 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. వాటిలో మూడింటిని హైదరాబాదీ సిరాజే పడగొట్టాడు. భారత్ ఆరు పరుగుల తేడాతో గెలిచింది. ఆట సాగింది గంట లోపే. ఐదో రోజున ఆట మిగులుతుందో లేదో తెలియక ముందు రోజు రాత్రి నిర్ణయించుకుని మైదానానికి వెళ్లడం, రైలు దూరంలో ఇల్లున్నవాళ్లకే సాధ్యం.

వింబుల్డన్ క్యూదీ అదే కిటుకు. ముందస్తు లాటరీలో టికెట్ రాకపోయినా, తెల్లవారక ముందే వెళ్లి వరుసలో నిలబడితే ఆ రోజు టికెట్ దొరికే అవకాశం ఉంది. వాన సూచన చూసుకుని మనకు నచ్చిన రోజు ఎంచుకోవచ్చు. 2003లో బాలికల డబుల్స్, 2015లో హింగిస్‌తో కలిసి మహిళల డబుల్స్ సానియా మీర్జా గెలిచింది ఆ పచ్చిక మీదే. ప్రయాణం వసంతంలోనైతే మార్చిలో బర్మింగ్‌హామ్‌కు వెళ్లండి. 2001లో చెన్ హాంగ్‌ను ఓడించి గోపీచంద్ నెగ్గిన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ జరిగేది అక్కడే.

మన రాళ్లు, మన భాష మనిషి

బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అందుకేనేమో, లండన్‌లో ఏళ్ల తరబడి ఉన్నా 33ఎ గదిదాకా వెళ్లనివాళ్లు ఎక్కువ. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఆ పలనాటి సున్నపురాళ్లు మొదట మద్రాసు చేరి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. కృష్ణా తీరపు శిల్పులు చెక్కిన బుద్ధుడి కథలను పిల్లలకు అక్కడ ఒక పూట చూపించి, సెలవుల్లో అమరావతికి తీసుకెళ్లి స్తూపం ఉన్న చోటును చూపించాలి. రెండూ చూసిన పిల్లలకే ఆ చరిత్ర పూర్తిగా అందుతుంది.

ఇంకో పూట కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికకు. 1884 డిసెంబరు 12న కన్నుమూసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సమాధి అక్కడే. కడప, మచిలీపట్నం, రాజమండ్రిలలో పనిచేసి స్వదేశానికి తిరిగి వెళ్లిన మనిషి ఆయన. ఉద్యోగం ముగిసినా తెలుగును వదల్లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. పరాయి నేల మీద అబ్బిన ఇష్టాన్ని సొంత ఊళ్లోనూ నిలబెట్టుకోవచ్చని చూపినవాడు. తిరుగు ప్రయాణంలో ఉన్న కుటుంబానికి ఆయన జీవితం గొప్ప ధైర్యం.

పిల్లలు అడిగిన చోటికి

అమ్మానాన్నలకు అది ఇంటికి రావడం. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు ఇల్లు వదిలి వెళ్లడం. ఈ తేడాను పెద్దలు గుర్తించకపోతే ఆ బాధ పసివాళ్ల మనసులో ఏళ్లపాటు ఉండిపోతుంది. అందుకే ఒక వారాంతం పూర్తిగా వాళ్లకే వదిలేయండి. వాళ్లు ఎడిన్‌బరో కోట అడగొచ్చు. వీధి చివరి ఈతకొలను, నేస్తంతో ఫుట్‌బాల్ ఆడే మైదానం అడగొచ్చు. ఏది అడిగినా బేరమాడకుండా తీసుకెళ్లండి. దగ్గర్లోని కౌంటీ మ్యాచ్ అడిగితే మరీ మంచిది. భోజన విరామంలో చాలాచోట్ల ప్రేక్షకులను మైదానంలోకి రానిస్తారు. నాన్న బంతి వేస్తుంటే ఆ పెద్ద పచ్చిక మీద బ్యాటు పట్టుకోవడం ఏ బిడ్డకైనా పండగే.

ఇక్కడికి చేరాక, ఇల్లు సర్దుకోవడం పూర్తయ్యేదాకా ఆగకుండా, మొదటి నెలలోనే వాళ్లకో ఆట వెతకండి. హైదరాబాద్‌లో బ్యాడ్మింటన్ కోర్టులకూ క్రికెట్ అకాడమీలకూ కొదవ లేదు. విశాఖలో పరుగెత్తడానికి బీచ్ రోడ్డుంది. శనివారం ఉదయం ఆటకు వెళ్లడం, పదిమందిలో ఒకరిగా సాయం చేయడం ఆ దేశం నేర్పిన మంచి అలవాట్లు. వాటిని ఇక్కడా కొనసాగిస్తే పిల్లలకు కొత్త ఊరు త్వరగా సొంతమవుతుంది. ఉన్న ఊరికి చివరి రోజుదాకా మనసిచ్చిన కుటుంబమే, వచ్చిన ఊరికి మొదటి రోజు నుంచీ మనసివ్వగలదు.