వేసవి ముంగిట పెరటి పాదులు

జనవరి నెలాఖరుకు ఫజ్ర్ వేళ వుజూ చేసే నీళ్లు చేతులను కొరకడం మానేస్తాయి. మన ప్రాంతంలో వేసవి కూరగాయలకు విత్తనం పెట్టవలసిన సమయం అదే. అప్పటినుంచి ఫిబ్రవరి ముగిసేవరకు ఉన్న నాలుగైదు వారాలే మనకు చిక్కే వ్యవధి. అంతకుముందు విత్తితే చలికి బెండ గింజ సరిగా మొలవదు. మార్చి దాటాక విత్తితే పాదు పూతకు వచ్చేసరికి ఎండలు ముదిరిపోతాయి.

ఆలస్యం ఫలితం నాకు స్వానుభవమే. ఒక ఏడాది ఇంట్లో పెండ్లి పనులలో మునిగి, బీర, సొర గింజలను మార్చి చివరలో పెట్టాను. పాదులు పందిరంతా అల్లుకున్నాయి, పూలు విరగబూశాయి, కాయ మాత్రం లేదు. బలం చాలలేదేమోనని యూరియా వేశాను. ఆకు మరింత దట్టమైంది! అసలు సంగతి తరువాత తెలిసింది. ఈ పాదులలో మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. ముందుగా వచ్చేవి సాధారణంగా మగపూలే. ఎండ ముదిరి పగటి వేళ పెరిగేకొద్దీ మగపూలే ఎక్కువవుతాయి, ఆడపూలు తగ్గుతాయి. నత్రజని ఎక్కువైనా అంతే. ఆలస్యం చేసిందీ నేనే, దానికి యూరియాతో తోడ్పడిందీ నేనే.

ఆడపువ్వును గుర్తించడం కష్టం కాదు. దాని అడుగున చిన్న పిందె ఉంటుంది. మగపువ్వుకు సన్నని కాడ మాత్రమే ఉంటుంది. పువ్వు విచ్చిన కొద్ది రోజులకే పిందె పసుపు రంగుకు తిరిగి రాలిపోతూ ఉంటే, పుప్పొడి అందలేదని అనుమానించాలి. పట్టణాలలో, ముఖ్యంగా మిద్దెతోటలలో ఇది తరచుగా జరుగుతుంది. చాలామంది ఈ దశలోనే విసిగి పాదును పీకివేస్తారు. బీర, సొర పూలు సాయంత్రం పొద్దు వాలే వేళ విచ్చుకుంటాయి. అప్పటికి తేనెటీగలు గూటికి చేరిపోతాయి. అందుచేత మగ్రిబ్ నమాజు ముగిశాక మిద్దె ఎక్కండి. అప్పుడే విచ్చిన మగపువ్వును తుంచి, రేకులు వలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ జిగటగా ఉండే భాగానికి మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. ఈ పని పిల్లలకు అప్పగిస్తే మనకన్నా శ్రద్ధగా చేస్తారు. కాకర, దోస పూలు తెల్లవారుతూ విచ్చుకుంటాయి గనుక వాటికి తేనెటీగల సాయం దొరుకుతుంది.

పందిరి పాదులు కాపుకు రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. అంతవరకు ఓపికను నిలబెట్టేవి ఆకుకూరలే. తోటకూర 25, 30 రోజులకే చేతికి వస్తుంది. మన ఇళ్లలో అంబాడా అని పిలుచుకునే గోంగూరను వేళ్లతో పెరకక కొసలు తుంచితే పక్క కొమ్మలు వేసి మళ్లీ మళ్లీ ఇస్తుంది. మెంతిని మాత్రం ఫిబ్రవరి మొదట్లోనే చల్లుకోవాలి, వేడి సోకితే త్వరగా పూతకు వస్తుంది.

బెండను రాత్రంతా నానబెట్టి విత్తితే 45, 50 రోజులకు తొలి కోత. మొదటి రోజు నాలుగు కాయలే వస్తాయి, కూరకు చాలవు. రేపటికి ఇంకొన్ని కలుస్తాయని చెట్టున ఉంచకండి. పువ్వు విచ్చిన ఐదారు రోజులకే కోసి, చింతపండు పులుసులో వేసేయండి. కాయ ముదిరితే మొక్క తన బలాన్ని గింజకే మళ్లిస్తుంది, కొత్త పూత తగ్గుతుంది. రోజు విడిచి రోజు కోసినవారికే కాపు నిలుస్తుంది. ఆకు ఈనెలు పసుపు పచ్చగా మారిన మొక్క కనిపిస్తే జాలి చూపక పెరికివేయాలి. అది తెల్లదోమ వ్యాప్తి చేసే తెగులు.

ఏప్రిల్‌లో నీటి కరవు మొదలవుతుంది. సబ్బు కలవని వుజూ నీటిని, బియ్యం కడిగిన నీటిని పాదులకు మళ్లించి, మొదళ్లలో ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది.

ఇక సొరకాయ. గోరు ఇట్టే దిగినప్పుడు కోయాలి, దిగకపోతే ముదిరినట్లే. మా పాదుకు ఈసారి తొలి కాయ మార్చి చివర వచ్చింది. సగం దాల్చాకు తరిగాను. మిగతా సగం గోడ అవతలి ఇంటికి పంపాను, నిరుడు వాళ్ల పాదు విత్తనమే కదా.