చలికాలపు చుక్కలు.. మరచిపోతున్న పేర్లు

రంజాన్ నెలవంక కోసం, ఈద్ నెలవంక కోసం మనమంతా డాబా ఎక్కుతాం. ఆ సాయంత్రాలు తప్ప ఏడాదంతా తలెత్తి ఆకాశం వైపు చూసేవారు మనలో ఎందరు? ఆకాశం చూడటానికి చలికాలం ఎంతో అనువైనది. వానమబ్బులుండవు, చీకటి త్వరగా పడుతుంది. ఇషా నమాజు ముగించుకుని దీపాలకు కాస్త దూరంగా వెళితే చాలు. మొదట కావలసింది టెలిస్కోపు కాదు. చీకటికి కళ్లు అలవాటు పడేందుకు ఓ ఇరవై నిమిషాల ఓపిక.

జనవరి నెలలో రాత్రి ఎనిమిది గంటలకు తూర్పు ముఖంగా నిలబడండి. కాస్త ఆగ్నేయంగా, ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. మన పల్లెల్లో గొల్లకావడి అనేది వీటినే. వాటికి ఎడమవైపు ఎర్రగా మెరిసేది ఆర్ద్ర, కుడివైపు తెల్లనిది రీగల్. ప్రపంచమంతా వాడుతున్న ఈ రీగల్ అనే పేరు అరబీ మాటే. 'రిజ్ల్' అంటే పాదం. ఆర్ద్రకు పాశ్చాత్యులు పెట్టుకున్న బెటెల్‌గ్యూస్ అనే పేరు కూడా 'యదుల్ జౌజా' అనే అరబీ పేరును తప్పుగా చదవడం వల్ల పుట్టిందే. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి వరకు ఈ నక్షత్రం బాగా మసకబారింది. అది వెదజల్లిన ధూళే అందుకు కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ మార్పును ఔత్సాహికులు మామూలు కంటితోనే గుర్తించగలిగారు.

మూడు చుక్కల గీతను కిందికి పొడిగిస్తే ఆకాశంలోని నక్షత్రాలన్నింటిలోకి ప్రకాశవంతమైన లుబ్ధకం కనిపిస్తుంది. దాని కాంతి మనల్ని చేరడానికి దాదాపు 8.6 సంవత్సరాలు పడుతుంది. అరబీలో దీని పేరు షిఅరా. ఇస్లాంకు పూర్వం కొందరు అరబ్బులు దీన్ని పూజించేవారని వ్యాఖ్యాతలు రాశారు. దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నజ్మ్ సూరా 49వ ఆయత్‌లో ఈ నక్షత్రం ప్రస్తావన ఉంది.

అదే గీతను పైకి పొడిగిస్తే రోహిణి, ఆపైన కృత్తికల గుంపు. కృత్తికలను అరబీలో సురయ్యా అంటారు. మన ఇళ్లలో ఆడపిల్లలకు ముద్దుగా పెట్టుకునే పేరు ఇదే! రోహిణి ఆ గుంపు వెనకే నడుస్తుంది కనుక దానికి 'అల్ దబరాన్', అంటే వెంట వచ్చేది, అని పేరు పెట్టారు. కృత్తికలను బైనాక్యులర్స్‌తో చూస్తే కంటికి కనిపించిన ఆరేడు చుక్కలు డజన్లకొద్దీ అవుతాయి. గొల్లకావడికి కుడిపక్కన మసక మచ్చలా కనిపించేది కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం.

ఈ చుక్కలను ఒక్కొక్కటిగా పరిశీలించి క్రీ.శ. 964లో గ్రంథస్థం చేసినవారు అబ్దుర్రహ్మాన్ అల్‌సూఫీ. టెలిస్కోపు లేని ఆ రోజుల్లోనే ఆయన ఒక 'చిన్న మేఘాన్ని' గుర్తించారు. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ అని ఇప్పుడు మనకు తెలుసు. మన హైదరాబాద్‌లోనూ 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల నక్షత్రాల పటం తయారుచేసే అంతర్జాతీయ కృషిలో పాలుపంచుకుంది.

ఇంత వారసత్వం ఉండి, మన పిల్లలకు ఒక్క నక్షత్రం పేరైనా తెలియకపోవడం బాధాకరం. నగరాల దీపకాంతి ఏటేటా చిన్న చుక్కలను మింగేస్తోంది. పెద్ద చుక్కలు మాత్రం నేటికీ కనిపిస్తున్నాయి. ఈ వారమే ఒక రాత్రి పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్దాం. సురయ్యా ఎక్కడుందో చూపిద్దాం.