రమ్మీలో నైపుణ్యం పాలెంత? ఇద్దరాటలో దాగిన లెక్కలు

1963 మే 4న సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేశారు. లోపల కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. ఆ కేసు మెట్టు మెట్టు ఎక్కి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అప్పట్లో అమల్లో ఉన్న హైదరాబాద్ జూద చట్టం నైపుణ్యంతో ఆడే ఆటలను మినహాయించింది. కాబట్టి తేలాల్సింది ఒక్కటే: రమ్మీ నైపుణ్యమా, అదృష్టమా?

1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు. పడిన ముక్కలను గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి. అందువల్ల ఇది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని కోర్టు భావించింది. అయితే ఆట నడిపేవారు దానిపై లాభం తీసుకుంటే అది నేరం కావచ్చని కూడా చెప్పింది. మొదటి మాట ఊరూరా పాకింది. రెండో మాటను గుర్తు పెట్టుకున్నవారు తక్కువ. గణితం దృష్టితో చూస్తే ఆ రెండో మాటే ఎక్కువ ముఖ్యమైనది.

ఆట, పాయింట్లు

రమ్మీని ఇద్దరి నుంచి ఆరుగురి దాకా ఆడవచ్చు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇద్దరు ఒకే కట్టతో ఆడే పదమూడు ముక్కలాటను తీసుకుందాం. అచ్చు జోకర్‌ను పక్కన పెడదాం.

ఒక్కొక్కరికి 13 ముక్కలు పంచి, తర్వాతి ముక్కను తెరిచి పెడతారు. మిగిలిన కట్టలోంచి ఒక ముక్క తీసి చూపిస్తారు. దానితో సమానమైన అంకె ఉన్న మిగతా మూడు ముక్కలూ ఆ ఆటకు జోకర్లు. వంతు వచ్చినవారు మూసి ఉన్న కట్ట నుంచి గానీ, తెరిచిన ముక్కల పైనుంచి గానీ ఒకటి ఎత్తి, ఒకటి పారేస్తారు. 13 ముక్కలనూ సీక్వెన్సులుగా, సెట్లుగా అమర్చినవారు షో చేస్తారు. ఒకే రంగులో వరసగా వచ్చే ముక్కలు సీక్వెన్స్. ఒకే అంకె వేర్వేరు రంగుల్లో ఉంటే సెట్. కనీసం రెండు సీక్వెన్సులు ఉండాలి, వాటిలో ఒకటి జోకర్ సాయం లేనిదై ఉండాలి. మన ఆటగాళ్ళు దాన్నే ‘లైఫ్’ అంటారు.

ఓడినవారి చేతిలో జతపడని ముక్కలకు పాయింట్లు పడతాయి. ఆసు, రాజు, రాణి, జాకీ తలా 10. అంకె ముక్కలకు వాటి అంకే పాయింటు. జోకర్‌కు సున్నా. లైఫ్ లేకపోతే చేతిలో ఉన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. లైఫ్ ఉండి రెండో సీక్వెన్స్ లేకపోతే లైఫ్‌లోని ముక్కలు తప్ప మిగతావన్నీ పడతాయి. మూడు రాజులు సెట్టుగా ఉన్నా సరే, ఆ 30 తప్పవు. ఉదాహరణకు ఆటీను 4, 5, 6 మాత్రమే కుదిరి, మిగిలినవి రెండు రాజులు, రాణి, జాకీ, ఆసు, రెండు తొమ్మిదులు, 8, 3, 2 అయితే మొత్తం 81. కానీ గరిష్ఠం 80 కాబట్టి 80 రాస్తారు. తప్పు షో చేసినా 80. మొదటి ముక్క ఎత్తకముందే డ్రాప్ అయితే 20, మధ్యలో వదిలేస్తే 40.

సరిగ్గా వంద

52 ముక్కల నుంచి 13 ముక్కల చేయి 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600 రకాలుగా రావచ్చు. ఏ చేయి వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. పంచేటప్పటికి మూడు జోకర్లలో కనీసం ఒకటి మీకు వచ్చే అవకాశం 59.5 శాతం. అంటే పదిసార్లు పంచితే సుమారు నాలుగుసార్లు జోకర్ లేకుండానే ఆట మొదలుపెట్టాలి. ఇక్కడిదాకా అంతా అదృష్టమే. ముక్క పారేయడంతో నైపుణ్యం మొదలవుతుంది.

మూడు ముక్కల జతలు మొత్తం ఎన్ని? ఒక్కో రంగులో ఆసు-2-3 నుంచి రాణి-రాజు-ఆసు దాకా 12 సీక్వెన్సులు, నాలుగు రంగులకు 48. ఒక్కో అంకెకు 4 సెట్లు, పదమూడు అంకెలకు 52. కలిపితే సరిగ్గా వంద. ఇందులో ఇస్పేటు 7 ఎన్నింటిలో పాలుపంచుకుంటుంది? మూడు సీక్వెన్సుల్లో, మూడు సెట్లలో, మొత్తం ఆరింటిలో. ఆసు, 2, రాజు మాత్రం అయిదింటిలోనే పనికొస్తాయి. చేతిలో మిగిలిపోతే రాజుకు 10 పాయింట్లు, ఏడుకు 7. తక్కువ ఉపయోగం, ఎక్కువ నష్టం. జతపడని రాజునూ ఆసునూ ముందుగా వదిలేయాలని పెద్దలు చెప్పే మాట వెనక ఉన్న లెక్క ఇదే.

ఎదురుచూపుకూ లెక్క ఉంది. పంచిన వెంటనే మీకు కనిపించేవి 15 ముక్కలు: మీ 13, తెరిచినది ఒకటి, జోకర్ చూపించే ముక్క ఒకటి. కనిపించనివి 37. మీ దగ్గర ఇస్పేటు 7, 8 ఉంటే 6 వచ్చినా 9 వచ్చినా చాలు. మూసిన కట్ట నుంచి అయిదుసార్లు ఎత్తితే వాటిలో ఒకటైనా దొరికే అవకాశం సుమారు 25.5 శాతం. అదే 7, 9 పట్టుకుని మధ్యలో 8 కోసం చూస్తుంటే 13.5 శాతమే. ఎదుటివారు ఇస్పేటు 6ను పారేసి, అది మీకు పనికిరాని సమయంలో కిందికి వెళ్ళిపోయిందనుకోండి. మీ 7-8 జత విలువ ఒక్కసారిగా దాదాపు సగానికి పడిపోతుంది. గుర్తున్నవారు ఆశ తగ్గించుకుంటారు. గుర్తులేనివారు రాని ముక్క కోసం చూస్తూ కూర్చుంటారు. కోర్టు చెప్పిన జ్ఞాపకశక్తి పని చేసేది ఇక్కడే.

ఇద్దరాటలో ఇంకో సౌలభ్యం ఉంది. మీకు కనిపించని ముక్క ఉంటే కట్టలో ఉండాలి, లేదా ఎదుటి ఒక్కరి చేతిలో ఉండాలి. ఆ వ్యక్తి మీరు పారేసిన ఆటీను 6ను ఎత్తుకుంటే ఆటీను 4, 5, 7, 8, మిగతా మూడు ఆరులు, మొత్తం ఏడు ముక్కలు మీకు ప్రమాదకరమైపోయాయి. ప్రతి ఎత్తూ ఒక కబురే. దాన్ని చదవడం అభ్యాసంతో వస్తుంది.

ఎప్పుడు వదిలేయాలి?

నిజమైన పరీక్ష డ్రాప్. గెలిస్తే సగటున 40 పాయింట్లు వస్తాయని, ఓడితే 40 పోతాయని అనుకుందాం. గెలుపు అవకాశం 25 శాతం కన్నా ఎక్కువైతే ఆడటం మేలు, తక్కువైతే 20 ఇచ్చి వదిలేయడం మేలు. లైఫ్ వచ్చే సూచన లేని చేతితో ఓడితే సగటున 60 పోతాయనుకుంటే ఈ గీత 40 శాతానికి పెరుగుతుంది. 101 పూల్ ఆటలో అయిదుసార్లు మొదటి డ్రాప్ తీసుకున్నా 100 దగ్గర ఆగి బతికే ఉంటారు. ఒక్కసారి మొండిగా ఆడి 80 తెచ్చుకుంటే రెండో డ్రాప్‌కు కూడా ఇబ్బందే. ఓడిపోతున్నామని త్వరగా ఒప్పుకోవడం ఇక్కడ నైపుణ్యంలో భాగం.

ఒక్క ఆట ఏమీ చెప్పదు

మరి నైపుణ్యం పాలెంత? ప్రతి ఆటలోనూ 55 శాతం గెలుపు అవకాశం ఉన్న మంచి ఆటగాడిని ఊహించండి. 11 ఆటలు ఆడితే ఎక్కువ గెలుపులు అతనివయ్యే అవకాశం దాదాపు 63 శాతం. 101 ఆటలు ఆడితే దాదాపు 84 శాతం. ఆటలు పెరిగేకొద్దీ అదృష్టం ఇటూ అటూ సర్దుకుని, నైపుణ్యం పైకి తేలుతుంది. 2017 జనవరిలో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు పోకర్ నిపుణులతో ఇద్దరాట పద్ధతిలో తలపడింది. విజేత ఎవరో తేల్చడానికి నిర్వాహకులు 1,20,000 చేతులు ఆడించారు. కాబట్టి ఒక రాత్రి గెలుపు నైపుణ్యానికి రుజువు కాదు, ఒక రాత్రి ఓటమి దురదృష్టానికి రుజువూ కాదు.

ఇప్పుడు కోర్టు చెప్పిన రెండో మాటకు వద్దాం. ఇద్దరూ చెరో 100 రూపాయలు పెట్టారు. ఆట నడిపేవారు పదిశాతం తీసుకుని గెలిచినవారికి 180 ఇస్తారనుకుందాం. సమాన బలం ఉన్న ఇద్దరు ఆడితే ఒక్కొక్కరికీ ఆటకు సగటున 10 రూపాయల నష్టం. మన 55 శాతం ఆటగాడి సంగతి? 100 ఆటల్లో 55 గెలుపులకు 80 చొప్పున 4,400 వస్తాయి. 45 ఓటములకు 4,500 పోతాయి. నికరంగా వంద రూపాయల నష్టం. ఎదుటివారికన్నా మెరుగ్గా ఆడి కూడా అతను ఓడిపోతున్నాడు. నష్టం లేకుండా ఉండాలంటే 55.6 శాతం గెలవాలి. అందరూ అలా గెలవలేరు, ఎందుకంటే ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి. పైగా నైపుణ్యం ఎదుటివారిని బట్టి ఉంటుంది. వీధిలో మేటి అయినవారు ఫోన్ తెరపై ఎవరితో కూర్చున్నారో వారికే తెలియదు.

‘నైపుణ్యపు ఆట’ అన్న మాట చట్టానికి సరిపోయినా, ఇంటి బడ్జెట్‌కు సరిపోదు. డబ్బు పోగొట్టుకున్నవారు తమకు నైపుణ్యం ఉందన్న నమ్మకంతోనే మళ్ళీ ఆడతారు. ఎప్పుడు వస్తుందో తెలియని గెలుపు మనిషిని క్రమం తప్పక వచ్చే గెలుపుకన్నా గట్టిగా కట్టిపడేస్తుందని మనస్తత్వ శాస్త్ర ప్రయోగాలు చూపాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో నైపుణ్యం, అదృష్టం అన్న తేడానే పక్కన పెట్టింది.

ఇంట్లో చేసే ప్రయోగం

డబ్బు లేకుండా చూస్తే రమ్మీ సంభావ్యతకు చక్కని ప్రయోగశాల. 1654లో పాస్కల్, ఫెర్మా జూదం గురించిన ప్రశ్నలపై రాసుకున్న ఉత్తరాలే ఆ శాస్త్రానికి పునాది. మీరూ ప్రయత్నించవచ్చు. నలుగురు రెండు జట్లుగా విడిపోండి. రెండు కట్టలను ఒకే వరసలో పేర్చి రెండు చోట్ల ఆడండి. ఒకచోట మొదటి జట్టుకు వచ్చిన చేయి, రెండోచోట రెండో జట్టుకు రావాలి. రెండు చోట్లా ఒకే ముక్కలు, ఒకే జోకర్. పాయింట్లు కూడి చూడండి. పంచిన ముక్కల అదృష్టం చాలావరకు రెండు జట్లకూ సమానమైపోతుంది. ఇలా ముప్పై, నలభై ఆటలు రాసి పెట్టుకుంటే, తేడాలో ఎవరు ఏ ముక్క గుర్తు పెట్టుకున్నారో, ఎవరు సమయానికి డ్రాప్ అయ్యారో మెల్లగా బయటపడుతుంది.