ఇయర్‌ఫోనుల పరీక్ష

చెవిలో నిముడు ఇయర్‌ఫోనులలో నేది మేలో వెల చెప్పజాలదు, చెవియే చెప్పవలెను. సిలికాను తొడుగు కర్ణరంధ్రమును చక్కగా మూయనిచో మృదంగపు మంద్రనాదము వెలికి జారిపోయి, తాళముల కీచుధ్వనియే మిగులును. కావున చిన్నది, నడిమిది, పెద్దది యను తొడుగులను మార్చి చూడవలెను. మిక్కిలి బిగువైనది నొప్పి గలిగించును. స్పాంజి తొడుగు మెత్తనిదే కాని, త్వరగా మాసి చెడును.

రెండింటిని పోల్చునపుడు ఘంటసాలవారి పాట నొక్కదానినే సమానధ్వనితో వినవలెను. బిగ్గరగా మ్రోగునదే మేలని మనసు భ్రమించును. ముదినేపల్లి నుండి గుడివాడకు బస్సులో బోవువారు ఇంజను రొదను మించుటకై ధ్వనిని బెంచుదురు. చక్కగా నమరిన తొడుగు ఆ యవసరమును దగ్గించును.

బాలబాలికలారా! పిల్లలకు 75 డెసిబెళ్ల ధ్వని వారమునకు 40 గంటలకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ 2019లో బ్రకటించిన ప్రమాణము. లోచెవిలో నశించిన శ్రవణకణములు మరల మొలవవు.