మనం కదపకుండానే చెయ్యి ఎలా కదులుతుంది?

గోదావరిఖని బొగ్గుతో రామగుండం ఎన్టీపీసీలో కరెంటు తయారవుతుంది. మన ఒంట్లోనూ విద్యుత్తు ఉంది, అతి స్వల్పంగా! చెయ్యెత్తాలంటే మెదడు నుంచి నరాల గుండా విద్యుత్ సంకేతం వెళ్తుంది. అది అందగానే కండరం ముడుచుకుంటుంది.

ఆ సంకేతం బయటినుంచి వస్తే? చర్మంపై అంటించిన ప్యాడ్లతో కొద్దిపాటి కరెంటు పంపినా కండరం కదులుతుంది. ఫిజియోథెరపీలో బలహీనపడ్డ కండరాలకు ఇలా కసరత్తు చేయిస్తారు.

2013లో జర్మనీలో పరిశోధకులు పెడ్రో లోపెస్, ప్యాట్రిక్ బౌడిష్ దీన్ని ఫోన్ ఆటలో వాడారు. తెరమీది విమానానికి గాలి తగిలితే ఆడేవారి చేతులు వాటంతటవే ఫోన్‌ను పక్కకు వంచుతాయి. వాళ్లు ఎదురు బలం పెట్టి నిలపాలి. ఫోన్‌ను వంచడానికి బరువైన మోటార్లు అక్కర్లేదు, కండరాలే ఆ పని చేస్తాయి.

ఆట రూపొందించేవారు ఒక్కొక్కరికీ నొప్పి కలగని మోతాదు ముందే సరిచూడాలి. గుండె మీదుగా కరెంటు పోనివ్వకూడదు. ఇంటి ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటు ప్రాణం తీస్తుంది. దాంతో ఇలాంటి ప్రయోగం ఎన్నడూ చేయకండి.